టెలిఫోను తీగకూ ఒక భాష ఉన్నది

ఓపెన్ సోర్స్ అంటే ఉచితం అని మనలో చాలమంది అర్థం చెప్పుకొంటున్నారు. ఒక పాత కంప్యూటరు, ఒక కార్డు, ఇంటర్నెట్టు నుండి తెచ్చుకొన్న ఒక సాఫ్ట్‌వేరు ఉంటే చాలు, లక్షల రూపాయల టెలిఫోను ఎక్స్ఛేంజి మన గదిలోనే వెలుస్తుందని ఉత్సాహవంతులైన విద్యార్థులు చెబుతూ ఉంటారు. అంత సులభమైన పక్షంలో అందరూ ఎందుకు చేయటం లేదని కమిటీ పెద్దలు అడుగుతూ ఉంటారు. ఇరుపక్షాల మాటలోను కొంత సత్యమున్నది. కాని అసలు అడగవలసిన ప్రశ్నను ఎవరూ అడగటం లేదని నా అభిప్రాయం. బయటి నుండి మన గోడలోనికి వచ్చే టెలిఫోను తీగ ఏ భాష మాట్లాడుతున్నది? మనం కొనే కార్డుకు ఆ భాష వచ్చునా? రాని యెడల దానికి నేర్పే హక్కు మనకు ఉన్నదా?

నేను తెలుగు సాహిత్యంలో ఎం.ఏ. చేసినవాడను. ఇంజనీర్ల పొలంలో నాగలి పెట్టుటకు నాకేమి అధికారమని ఎవరైనా అడుగవచ్చు. తీగలోని విద్యుత్తును గురించి వారే చెప్పాలి, నిజమే. కాని రెండు యంత్రాలు ఒకదాని మాట నొకటి గ్రహించుట భాషకు సంబంధించిన విషయం. ఉర్దూ, తెలుగు రెండూ నడిచే కళాశాలలో పనిచేసే వానికి, ఒకే పాఠాన్ని ఇద్దరు విద్యార్థులు రెండు లిపులలో వ్రాసుకొని, పరీక్షల ముందు ఒకరి నోటుపుస్తకం మరొకరికి అక్కరకు రాక అవస్థపడుట ప్రతి సంవత్సరం కనబడేదే. టెలిఫోనులలో సిగ్నలింగ్ అనబడే సంకేత విధానం సరిగ్గా అటువంటిది. తీగ ఒకటే, అందులో పారే విద్యుత్తు ఒకటే. "ఎవరో పిలుస్తున్నారు", "ఈ నంబరు కావాలి", "అవతలివారు ఎత్తినారు", "మాట ముగిసినది" అని చెప్పుకొనే తీరు మాత్రం దేశానికొకటి, కొన్నిచోట్ల కంపెనీకొకటి.

ఈ రంగంలో ముందుగా చెప్పుకోవలసిన పేరు ఆస్టరిస్క్. 1999లో అమెరికాలోని ఆబర్న్ విశ్వవిద్యాలయంలో చదువుతున్న మార్క్ స్పెన్సర్, లినక్సు వాడేవారికి సహాయం చేసే ఒక చిన్న సంస్థను నడుపుతూ, దానికి కావలసిన టెలిఫోను ఎక్స్ఛేంజిని కొనే స్తోమత లేక, తానే ఒకటి వ్రాసుకొన్నాడు. వ్రాసి దాచుకొనలేదు. ఎవరైనా చదువవచ్చును, మార్చవచ్చును, పంచవచ్చును, మార్చి పంచినవారు తమ మార్పులను కూడ బయట పెట్టవలెను అనే జి.పి.ఎల్. షరతుతో లోకానికి విడిచినాడు. ఆయన సంస్థే తరువాత డిజియం అయినది. 2018లో దానిని కెనడాకు చెందిన సంగోమా కొన్నది.

అయితే సాఫ్ట్‌వేరు ఒక్కటే ఉంటే అది కంప్యూటరులో కూర్చుని తనతో తానే మాట్లాడుకోవలసినదే. దానిని వీధిలోని తీగకు కలిపినవాడు జిమ్ డిక్సన్. ఆ రోజుల్లో టెలిఫోను కార్డులు మిక్కిలి ఖరీదైనవి. ధ్వనిని విశ్లేషించే ప్రత్యేకమైన చిప్పులు కార్డు మీదనే ఉండేవి, ధర అక్కడే పెరిగేది. కంప్యూటరు ప్రాసెసరు వేగం బాగా పెరిగినది గదా, ఆ లెక్కలన్నీ దానిచేతనే చేయించి కార్డును చౌక చేయరాదా అని డిక్సన్ ఆలోచించినాడు. టొర్మెంటా అనే కార్డును రూపొందించి, దాని నమూనా పటాన్ని సైతం అందరికీ ఇచ్చివేసినాడు. మెక్సికో రైతుల విప్లవ నాయకుడు ఎమిలియానో జపాటా పేరును తన ప్రయత్నానికి పెట్టుకొన్నాడు. కార్డుకూ ఆస్టరిస్కుకూ మధ్య దుబాసీగా పనిచేసే జాప్టెల్ అనే డ్రైవరుకు ఆ పేరు అక్కడి నుండే వచ్చినది. ఆ పేరు మరొక కంపెనీకి వ్యాపార చిహ్నమని తేలినందున 2008లో దానిని డాడీ అని మార్చినారు. భూమి దున్నేవానిదే అన్న వాని పేరు, పేరు మీద హక్కు గలవారి వలన తొలగిపోవుట ఒక విచిత్రం.

ఈ ఆలోచన ఎంత గొప్పదో అంత చిక్కును కూడ తెచ్చినది. ధ్వనిని సెకనుకు 8,000 సార్లు కొలుస్తారు. ఎనిమిదేసి కొలతలను ఒక మూటగా కట్టి కార్డు ప్రాసెసరుకు అందిస్తుంది; అంటే సెకనుకు వేయి సార్లు దాని తలుపు తట్టి "ఇప్పుడే తీసుకో" అంటుంది. అదే తలుపును డిస్కు కార్డో, నెట్‌వర్కు కార్డో పంచుకొంటున్నప్పుడు ఒక్కొక్క మూట జారిపోతుంది. మాట మధ్యలో టిక్కు టిక్కుమని శబ్దం వినబడుతుంది. ఆ శబ్దానికి లైనును నిందిస్తారు, టెలిఫోను శాఖను నిందిస్తారు; కారణం మాత్రం మదర్‌బోర్డులో ఉంటుంది. ఇక స్లాటు సంగతి చూడండి. డిజియం వారి టిఇ405పి, టిఇ410పి అనే రెండు కార్డులు ఒకే పనిచేసే కవలలు. మొదటిది 5 వోల్టుల పి.సి.ఐ. స్లాటుకు, రెండవది 3.3 వోల్టుల స్లాటుకు. ఒకదాని స్లాటులో మరొకటి దిగనే దిగదు. పేరులోని అంకెల తేడా చూడక తెప్పించుకొని, పెట్టె విప్పిన తరువాత తెల్లముఖం వేసిన సంస్థలు నాకు తెలిసినంతలోనే ఉన్నవి. ఇటువంటివి చిన్న విషయాలని తీసివేయరాదు. కొనుగోలు కాగితం మీద సంతకం పెట్టేవారికి తెలియవలసినవి ఇవే.

మామూలు ఇంటి టెలిఫోను లైనునే తీసుకొందాం. దానికి రెండు కొసలు. టెలిఫోనుకు విద్యుత్తునిచ్చి, డయల్ టోను వినిపించి, గంట మ్రోగించే కొసను ఎఫ్.ఎక్స్.ఎస్. అంటారు. ఆ విద్యుత్తును పుచ్చుకొని టెలిఫోను వలె ప్రవర్తించే కొసను ఎఫ్.ఎక్స్.ఓ. అంటారు. బయటి లైనును ఎఫ్.ఎక్స్.ఓ. పోర్టుకు, లోపలి ఫోనును ఎఫ్.ఎక్స్.ఎస్. పోర్టుకు తగిలించాలి. ఇచ్చే కొసకు ఇచ్చే కొసనే తగిలిస్తే కార్డు చెడిపోవచ్చును. కొత్తవారిని కంగారుపెట్టే మరొక మాట: ఆస్టరిస్కు పట్టికలో ఎఫ్.ఎక్స్.ఓ. పోర్టుకు ఎఫ్.ఎక్స్.ఎస్. సంకేతమని వ్రాయాలి. ఎవరితో మాట్లాడవలెనో వారి భాషలో మాట్లాడాలి గనుక ఇది న్యాయమే, కాని చదివేటప్పుడు తారుమారుగా తోస్తుంది.

మాట ముగిసినదని తెలుపుట ఇంకొక సమస్య. అవతలివారు ఫోను పెట్టివేసినప్పుడు కొన్ని ఎక్స్ఛేంజీలు లైనులోని విద్యుత్తును ఒక క్షణం ఆపివేస్తవి. కార్డు దానిని గ్రహించి లైనును విడుస్తుంది. కొన్ని ఏమీ చెప్పవు, ఊరక ఎంగేజి టోనును వినిపిస్తవి. మనిషి చెవికి ఆ టోను అర్థమవుతుంది; దానిని పోల్చుకొమ్మని ప్రత్యేకించి చెబితే గాని యంత్రానికి అర్థం కాదు. నేను ఎరిగిన ఒక కార్యాలయంలో సాయంత్రం వచ్చిన ఒక కాలు తెల్లవారే వరకు ముగియలేదు. పిలిచినవారు ఎప్పుడో నిద్రపోయినారు, లైను మాత్రం మెలకువగా ఉన్నది. బాగుచేసినవాడు కొత్త కార్డు కొనలేదు. ఒక పంక్తి మార్చినాడు.

మన దేశపు ముద్ర కూడ ఈ సాఫ్ట్‌వేరులో ఉన్నదని చాలమందికి తెలియదు. పిలిచేవారి నంబరును చూపే పద్ధతి అమెరికాలో ఒకటి, బ్రిటనులో ఒకటి. మన లైన్లలో ముందుగా తీగ ధ్రువాలు తలక్రిందులై, తరువాత మీట నొక్కినప్పుడు వినబడే టోనులలో నంబరు వస్తుంది. కంపెనీని బట్టి ఈ పద్ధతిలోను తేడాలున్నవి. అందుచేత ఆస్టరిస్కు అమరికల పట్టికలో ఇండియా కొరకు ప్రత్యేకంగా ఒక మాట చేర్చినారు. దాని పత్రాలలో భారతదేశపు కాలర్ ఐడి మీద వేరొక పుటయే ఉన్నది. అట్లే తొలినాటి ఎక్స్100పి కార్డు అమెరికా తీగ కొలతలకు తగినది. ఇతర దేశాల తీగకు కొలత కుదరక మాట ప్రతిధ్వనించేది. తరువాతి కార్డుల డ్రైవరులో దేశాల జాబితా ఒకటి పెట్టినారు, అందులో మన దేశం పేరు కూడ ఉన్నది. ఏమీ చెప్పకుంటే మాత్రం అది అమెరికా అనే అనుకొంటుంది. మన ఊళ్ళలో ప్రతిధ్వనిని గురించి ఫిర్యాదు చేసేవారు ఆ ఒక్క మాటను ముందు సరిచూచుకొనుట మంచిది. ప్రతిధ్వనిని అణచుటకు ఆస్ట్రేలియా నివాసి డేవిడ్ రో వ్రాసిన ఓస్లెక్ అనే ప్రోగ్రాము ఖరీదైన చిప్పు చేసే పనిని సాఫ్ట్‌వేరుతోనే చాలవరకు చేసి చూపినది.

పెద్ద సంస్థలకు ఒక్కొక్క లైను చాలదు, కట్టగా ఇస్తారు. ఐరోపాలోను మన దేశంలోను ఆ కట్ట పేరు ఇ1. సెకనుకు 20 లక్షల 48 వేల బిట్లు, 32 గడులు. మొదటి గడి, అంటే 0వది, తాళం తప్పకుండ చూచేది. 16వ గడి సంకేతాలకు. తక్కిన 30 గడులు మాటలకు. అమెరికాలో దానికి బదులు టి1; 24 గడులు, సెకనుకు 15 లక్షల 44 వేల బిట్లు. పలు కార్డుల మీద ఒక చిన్న జంపరు ఉంటుంది. దాని స్థానాన్ని బట్టి కార్డు ఇ1 అవుతుంది లేదా టి1 అవుతుంది. తప్పులను పసిగట్టే సి.ఆర్.సి.4 అనే లెక్క ఒక వైపు ఉండి మరొక వైపు లేకుంటే లైను నిలబడదు. గడియారం ఎవరిది అన్నది మరొక తగవు. ఇద్దరూ తమ గడియారమే సరియైనదంటే బిట్లు జారిపోతవి. ఎక్స్ఛేంజి గడియారాన్ని మనం అనుసరించుటే మర్యాద, క్షేమం.

ఆ 16వ గడిలో ఏమి మాట్లాడతారన్నదే నా వ్యాసానికి ప్రాణం. ఐ.ఎస్.డి.ఎన్. పి.ఆర్.ఐ. అనే పద్ధతిలో అది చక్కని ఉత్తరాల రూపంలో నడుస్తుంది. ఒక వైపు ఎక్స్ఛేంజిగాను, మరొక వైపు వినియోగదారుగాను ఉండాలి. ఇద్దరూ వినియోగదారులమే అన్నచో సంభాషణ మొదలే కాదు. ఇందులోను ఐరోపా మాండలికం, అమెరికా మాండలికాలు వేరు. మనకు ఐరోపాది సరిపోతుంది. ఆస్టరిస్కులో లిబ్‌పిఆర్ఐ అనే భాగం వీటిని నేర్చుకొని ఉన్నది.

లాటిన్ అమెరికా దేశాలలో చాలకాలం ఏలినది ఆర్2. ఆరు పౌనఃపున్యాలలో రెండింటిని ఒకేసారి మ్రోగించి ఒక అంకెను చెబుతారు. అవతలివారు "విన్నాను" అని బదులు మ్రోగించేంత వరకు ఇవతలివారు ఆపరాదు. ఉభయకుశలోపరి ముగియనిదే అసలు మాటకు రాని మన పెద్దల ఉత్తరాల మర్యాద వంటిది ఇది. బ్రెజిల్ పద్ధతి మెక్సికోకు పనికిరాదు, అర్జెంటీనా పద్ధతి చైనాకు పనికిరాదు. డిజియం అమెరికా కంపెనీ. అమెరికాలో ఈ భాష మాట్లాడేవారు లేరు. కనుక ఆస్టరిస్కుకు మొదట ఇది రాలేదు. లాటిన్ అమెరికాలో ఎందరో కార్డులు కొని, దీపం పచ్చగా వెలుగుతున్నా ఒక్క కాలు కూడ కదలక చేతులు నలుపుకొన్నారు. స్టీవ్ అండర్‌వుడ్ వ్రాసిన యూనికాల్ కొంతకాలం ఆదుకొన్నది. అది ఆస్టరిస్కు వెలుపల ఉండేది. ప్రతి కొత్త సంచికకూ మళ్ళీ అతుకు వేసుకోవలసి వచ్చేది. తరువాత మెక్సికోకు చెందిన మొయిసెస్ సిల్వా ఓపెన్ఆర్2 అనే గ్రంథాలయాన్ని వ్రాసినాడు. 2009లో వచ్చిన ఆస్టరిస్క్ 1.6.2లో దానికి చోటు దొరికినది.

నా అభిప్రాయంలో ఓపెన్ సోర్స్ విలువ కనబడేది ఇక్కడనే, ధరలో కాదు. మూసిన పెట్టెను కొన్నవారు తమ దేశపు సంకేతం అందులో లేకుంటే కంపెనీకి అర్జీ వ్రాసుకోవాలి. తమ దేశపు బజారు చిన్నదైతే జవాబు కూడ రాదు. తెరచిన పెట్టెను కొన్నవారిలో తెలిసినవాడు ఒక్కడు పూనుకొంటే ఖండమంతా బాగుపడుతుంది. మన దేశం ఇదే సత్యాన్ని వేరొక మార్గంలో గ్రహించినది. 1984లో ఏర్పడిన సి-డాట్ సంస్థ మన ఎండలకు, మన ధూళికి తట్టుకొని, ఎయిర్ కండిషన్ లేకుండ పనిచేసే గ్రామీణ ఎక్స్ఛేంజిని రూపొందించినది. 1986లో కర్ణాటకలోని కిత్తూరులో అది మొదటిసారి మ్రోగినది. పరాయివారి యంత్రం మన ఊరిని ఊహించుకొని చేసినది కాదు గనుక ఆ పని మనమే చేసుకోవలసి వచ్చినది.

ఎక్స్ఛేంజీలు తమలో తాము మాట్లాడుకొనే భాష ఎస్.ఎస్.7. దీని పుట్టుకకు ఒక వెనుక కథ ఉన్నది. పూర్వం అమెరికాలో మాట నడిచే తీగలోనే సంకేతం కూడ నడిచేది. 2600 హెర్ట్జ్ ఈల వేస్తే దూరపు ట్రంకు లైను ఖాళీ అయినదని ఎక్స్ఛేంజి నమ్మేది. ఆ కిటుకు తెలిసిన కుర్రవాళ్ళు ఉచితంగా ప్రపంచమంతా పిలుచుకొన్నారు. మాటను, సంకేతాన్ని వేరువేరు దారులలో నడిపితే తప్ప ఈ దొంగతనం ఆగదని పెద్దలకు అర్థమయినది. 1980లో అంతర్జాతీయ ప్రమాణంగా వెలువడిన ఎస్.ఎస్.7 ఆ వేరు దారి. ఇందులోను మాండలికాలు తప్పలేదు. ఎక్స్ఛేంజి చిరునామాకు అంతర్జాతీయ పద్ధతిలో 14 బిట్లు, అమెరికా పద్ధతిలో 24. ఓపెన్ సోర్స్‌లో దీనికి డెన్మార్కు సంస్థ సిఫిరా నుండి చాన్_ఎస్ఎస్7, డిజియంలో మాథ్యూ ఫ్రెడ్రిక్‌సన్ వ్రాసిన లిబ్ఎస్ఎస్7, రుమేనియా వారి యేట్ వచ్చినవి. కార్డు ఒకటే, అందులోని 30 గడులూ అవే, ఒకనాడు పి.ఆర్.ఐ., ఒకనాడు ఎస్.ఎస్.7 మాట్లాడగలదు. ఇది లైసెన్సు గల కంపెనీల మధ్య భాష గనుక కళాశాలకు ఆ లైను దొరకదు. దొరకదు గనుక చదువనవసరం లేదని మాత్రం నేనొప్పుకోను. 2014 డిసెంబరులో హాంబర్గులో జరిగిన సభలో జర్మనీ పరిశోధకులు ఈ భాష తెలిసినవారు ఎవరి ఫోను ఎక్కడ ఉన్నదో కనుగొనగలరని ప్రదర్శించి చూపినారు. ఒకరి నొకరు నమ్మే పెద్దమనుషుల మధ్య పుట్టిన భాష, వేలాది కంపెనీల చేతికి వచ్చిన తరువాత ఏమవుతుందో ఇంజనీర్లు మాత్రమే ఆలోచిస్తే సరిపోదు.

ఇవన్నీ పాతబడినవి, ఇప్పుడంతా సిప్ గదా, ఇంటర్నెట్టు తీగ ఒకటి చాలును అనే ఆక్షేపణ రానే వస్తుంది. చాలవరకు నిజమే. డాడీ మూడవ సంచికలో పలు పాత కార్డుల డ్రైవరులను తీసివేసినారు. నిన్న పనిచేసిన కార్డు లినక్సును తాజా చేయగానే మూగదవుతుంది. ఇది అనుకూలత గురించి అమ్మేవారు చెప్పని సంగతి. కాని సోర్సు కోడు బహిరంగం గనుక ఓస్మోకామ్ అనే ఔత్సాహికుల బృందం డాడీకి తమదైన ప్రతిని నిలుపుకొన్నది. ఐస్ఇ1యుఎస్‌బి అనే చిన్న ఇ1 పరికరాన్ని నమూనా పటంతో సహా బహిరంగంగా తయారుచేసినారు. సిప్‌కు కూడ పాత భాష వాసన పోలేదు. అవతలివారు మాటలో ఉంటే సిప్ 486 అంటుంది, పి.ఆర్.ఐ. 17 అంటుంది. రెండు లోకాలను కలిపే ఎక్స్ఛేంజి ఒకదానిని మరొకదానికి అనువదించాలి. అనువాదం తప్పితే ఎంగేజి ఉన్న ఫోను చెడిపోయిన ఫోనుగా వినబడుతుంది. మూలభాష రానివాడు అనువాదకుడు కాలేడని మా తెలుగు శాఖలో కొత్తగా చెప్పనక్కరలేదు.

మూసిన పెట్టెల పక్షాన చెప్పవలసినది ఒకటి ఉన్నది. అర్ధరాత్రి చెడితే పిలుచుటకు వారికి ఒక మనిషి ఉంటాడు. ఆస్పత్రికో, ఫైరు స్టేషనుకో నేను విద్యార్థులు బిగించిన ఎక్స్ఛేంజిని సలహా ఇవ్వను. కళాశాల వేరు. ఇక్కడ చెడుట కూడ పాఠమే.

కనుక కమిటీవారికి నా విన్నపం ఇది. ఏ టెలిఫోను సామగ్రి కొన్నా, డ్రైవరు సోర్సు కోడు ఉన్నదా, ఏ సంకేత విధానాలు వచ్చునో కాగితం మీద వ్రాసి ఇస్తారా అని ముందే అడుగండి. బిల్లు చెల్లించక ముందు పది కాల్సు చేసి, ప్రతిది సరిగా ముగిసినదో లేదో చూడండి. ప్రయోగశాలకు ఏ కంపెనీ లైనూ అవసరం లేదు. రెండు పాత కంప్యూటర్లు, రెండు ఇ1 కార్డులు, 1, 2 తీగలను 4, 5 తీగలకు అడ్డంగా మార్చి కట్టిన ఒక కేబులు చాలును. ఒకదానిని ఎక్స్ఛేంజిగా, రెండవదానిని వినియోగదారుగా నిలిపి, ఒకరు పిలువగా మరొకరు 16వ గడిలో వచ్చే ఉత్తరాలను తెరమీద చదువవచ్చును. ఇంటర్నెట్టు కాల్సును బయటి లైన్లకు దొంగదారిన కలిపి చార్జీలు ఎగవేయుట చట్టవిరుద్ధం గనుక అటువంటి ప్రయోగానికి మాత్రం తావివ్వరాదు. ఎక్స్ఛేంజీలను మార్చుకొంటున్న సంస్థలు ఇటువంటి కార్డులను ఇప్పుడు పాత ఇనుముతో పాటు తూచి పంపివేస్తున్నవి. వాటిలో రెండింటిని, తూకానికి పోక ముందే, ఈ విద్యాసంవత్సరంలోనే తెప్పించవలసినదిగా కోరుతున్నాను. కేబులు కట్టే పని మా బి.ఏ. విద్యార్థులు కూడ నేర్చుకొనుటకు సిద్ధంగా ఉన్నారు.